నాన్న కోసం సన్నబడటం

నా బరువు గురించి మా చుట్టాలకున్నంత శ్రద్ధ నాకెప్పుడూ లేదు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నానని మురిసిపోయినవాళ్లే, పాతికేళ్లు దాటాక అదే బొద్దును చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు. మధ్యలో నేనేం మారలేదు, వాళ్ల అభిప్రాయమే మారింది. పెళ్లిచూపుల కోసం సన్నబడమన్నారు, వినలేదు. మోకాళ్ల కోసం సన్నబడమన్నారు. మోకాళ్లు నాకు ఏ ఫిర్యాదూ చేయలేదు కాబట్టి అదీ వినలేదు. హైటెక్ సిటీలో మా ఆఫీసు వాళ్లు ఆరోగ్య వారోత్సవమని పెట్టి ఆఖరి రోజున సమోసాలు పంచారు. దానికి మాత్రం టైముకి వెళ్లాను.

చివరికి నాన్న లివర్ కోసం సన్నబడాల్సి వచ్చింది.

నాన్న జీవితంలో మందు ముట్టుకోలేదు. ఆ ఏడాది ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. లివర్ పాడైందనగానే అవతలివాళ్లు గొంతు తగ్గించి, "అలవాటుందా?" అని అడిగేవారు. మా చర్చిలో సంఘ పెద్ద ఆయన. ప్రభు భోజనంలో ఇచ్చే ద్రాక్షరసం తప్ప ఆయన గొంతులోకి ఏదీ దిగలేదు. అందులో కూడా మా పాస్టరుగారు నీళ్లే ఎక్కువ కలుపుతారు. ఆయన లివర్‌ను పాడుచేసినవి అన్నం, నెయ్యి, వేపుళ్లు, ఏళ్ల తరబడి కుర్చీలోంచి లేవకుండా చేసిన ప్రభుత్వోద్యోగం, ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని షుగరు. కొవ్వు పేరుకుని పేరుకుని లివర్ గట్టిపడిపోయిందన్నారు డాక్టరు. మొదట్లో దాన్ని ఫ్యాటీ లివర్ అన్నారు. వినడానికి బొద్దుపిల్లకు పెట్టిన ముద్దుపేరులా ఉంటుంది. అది మా ఇంట్లోనే పెరిగి పెద్దదై సిరోసిస్ అయింది.

అమ్మ నర్సు. మేం ఉండే కూకట్‌పల్లిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. డాక్టరు చెప్పిన సంగతి నాకు అర్థం కావడానికి ఫోనులో వెతుక్కోవలసి వచ్చింది. అమ్మకు మాత్రం నాన్న కాళ్ల వాపు చూసినప్పుడే అర్థమైపోయినట్టుంది. లివర్ మార్చాలి. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే లివర్ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడాలి, లేదా ఇంట్లోవాళ్లెవరైనా తమ లివర్లో ముక్క ఇవ్వాలి. ఇచ్చినవాళ్లకు అది మళ్లీ పెరుగుతుంది. దేవుడు మనిషిని చేసేటప్పుడు బల్లికిచ్చిన తోక లాంటి సౌకర్యం మనకు ఒక్క లివర్లోనే ఇచ్చాడట. అమ్మకు షుగరు ఉంది, రక్తం గ్రూపు కూడా కలవలేదు. మిగిలింది నేను. వాళ్లకు ఒక్కదాన్నే. గ్రూపు కలిసింది. స్కానింగ్ తీశారు.

డాక్టరు మర్యాదస్థుడు. స్క్రీన్ నావైపు తిప్పి, "మీదానిలో కూడా కొవ్వు బాగానే ఉందమ్మా" అన్నారు. అచ్చం నాన్న పోలికే అని చిన్నప్పటి నుంచి అందరూ అంటుంటే ముక్కు గురించి అనుకున్నాను.

ఆయన చెప్పింది ఇంతే. ఇలాంటి లివర్‌ను కోసి ఇస్తే తీసుకున్నవారికీ మంచిది కాదు, ఇచ్చినవారికీ మంచిది కాదు. కానీ బరువు తగ్గితే ఒంట్లో మిగతా చోట్ల కంటే ముందు లివర్లో కొవ్వే కరుగుతుంది. రెండు మూడు నెలలు గట్టిగా ప్రయత్నిస్తే మళ్లీ చూద్దాం. అంతవరకూ మీ నాన్నగారు నిలబడాలి.

అంటే నా కొవ్వు ముందు కరగాలి, లేదా నాన్న ముందు కరిగిపోతాడు. డైటింగ్‌కు ఇంతకన్నా పెద్ద కారణం ఎవరికి దొరుకుతుంది?

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. బిడ్డ కడుపు కోయించుకుని బతకాల్సిన ఖర్మ తనకు లేదన్నాడు. పేరు రాయించాం కదా, దేవుడిచ్చినప్పుడే ఇస్తాడన్నాడు. అమ్మ తన ఆసుపత్రిలో చూసిన కేసులన్నీ చెప్పింది. నేను బల్లి తోక సంగతి చెప్పాను. కొన్నాళ్లు వాదన నడిచాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి, "సరేలేమ్మా, మీ ఇష్టం" అన్నాడు. మేం గెలిచామనుకున్నాం. ప్రభుత్వ కార్యాలయంలో అంతకాలం పనిచేసిన మనిషి "సరే" అంటే దాని అర్థం ఏమిటో మేం ఆలోచించాల్సింది.

అమ్మ నా తిండిని వార్డులోకి మార్చింది. పొద్దున నూనె లేని పెసరట్టు, గుడ్డు తెల్లసొన. మధ్యాహ్నం బాక్సులో గుప్పెడన్నం, ఆ గుప్పెడు కూడా అమ్మదే, నాది కాదు. దాని చుట్టూ గుట్టలాగా బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు. చీకటి పడేలోపు ఒక జొన్నరొట్టె, పప్పు. బేకరీ, కూల్‌డ్రింకు, స్వీటు అన్న మాటలు ఇంట్లో వినపడకూడదు. పొద్దున్నే కాలనీ పార్కులో నడక. అమ్మ నా వెనకాలే నడిచేది, ఖైదీ వెనక పోలీసులా.

ఆఫీసు క్యాంటీన్లో నేను బాక్సు తెరిస్తే ఎవరికీ వింతగా అనిపించలేదు. మా టీములో సగంమంది అప్పటికే ఏదో ఒక ఉపవాసంలో ఉన్నారు. ఒకడు అన్నం మానేశాడు, ఒకామె పొద్దున తిండి మానేసింది, ఇంకొకడు అన్నీ మానేసి వాటి గురించి మాట్లాడటం మాత్రం మానలేదు. అందరికీ నూరేళ్లు బతకాలని ఉంది. ప్రాజెక్టు మాత్రం శుక్రవారానికి ఇవ్వాలి. వాళ్ల మధ్య కూర్చుని సొరకాయ నములుతుంటే నేనూ నా ఆయుష్షు కోసమే తింటున్నానని అనుకునేవారు. నేను వేరే మనిషి ఆయుష్షు కోసం తింటున్నానని చెబితే భోజనం పాడవుతుందని ఊరుకున్నాను.

మొదటి వారాల్లో కాస్త తగ్గాను. ఆ తర్వాత స్కేలు ముల్లు అక్కడే కూర్చుంది. అమ్మ నన్ను నిలబెట్టి, డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి రోగి సంగతి అప్పజెప్పే గొంతుతో బరువు చదివేది. చదివి నావైపు అనుమానంగా చూసేది.

"ఆఫీసులో ఏం గడ్డి తింటున్నావే?"

"గడ్డే తింటున్నానమ్మా. అక్కడ దాన్ని సలాడ్ అంటారు."

అసలు సంగతి ఆఫీసులో లేదు, ఇంట్లోనే ఉంది. అమ్మకు సాయంత్రం డ్యూటీ ఉన్న రోజుల్లో నేనూ నాన్నే భోజనానికి కూర్చునేవాళ్లం. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నాన్న పళ్లెంలో ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసి అన్నం కలిపి, అందరి చేతుల్లో తలా ఒక ముద్ద పెడతాడు. ఆ ముద్ద భోజనం లెక్కలోకి రాదు. చేతిలో పెట్టిన ముద్దను వద్దనడం కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. జబ్బు చేశాక నాన్నకు ఉప్పు మాన్పించారు. ఆవకాయ వాసన చూడటం తప్ప తినే వీలు లేదు. అయినా జాడీ తీసి కలిపేవాడు. "నేనెటూ తినలేను. నువ్వు తింటుంటే చూస్తాను తల్లీ, నాకదే రుచి" అనేవాడు. చేయి చాపితే ఒకటి, చాపకపోతే నోటికి దగ్గరగా ఇంకొకటి. పచ్చబడిన కళ్లతో, నీరు పట్టిన పొట్ట మీద పళ్లెం ఆనించుకుని కలిపిన అన్నాన్ని కాదనడానికి నాకున్న తెలివి సరిపోలేదు. రోగి కోరిక అని తినేదాన్ని.

ఆ తర్వాత పునుగులు మొదలయ్యాయి. కాళ్ల వాపుతో లిఫ్టు దిగి సందు చివర బండి దాకా నడిచి, న్యూస్‌పేపరులో చుట్టించుకుని నా కోసం తెచ్చేవాడు. అంత కష్టపడి ఎందుకు వెళ్లావంటే, డాక్టరు నడవమన్నారు కదా అనేవాడు. నాన్నకు నాలుక చచ్చిపోయి నా నాలుకతో తింటున్నాడనే అనుకున్నాను.

ఇక్కడ మా ఇంటి ప్రార్థన గురించి చెప్పాలి. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో ముఖాముఖి గొడవలు తక్కువ. ఒకరితో ఒకరు అనలేనివన్నీ దేవుడితో చెప్తాం, పక్కనున్నవాళ్లకు వినపడేలా. భోజనానికి ముందు అందరం కళ్లు మూసుకుంటే నాన్న మొదలుపెట్టేవాడు. ఈ ఆహారాన్ని దీవించండి, దీన్ని వండిన చేతుల్ని దీవించండి అన్నాక, ఆదివారం ఆరాధనకు టైముకి లేవలేని బిడ్డలకు చురుకుదనం దయచేయండి అని ఒక వాక్యం వచ్చేది. ఇంట్లో ఉన్న బిడ్డను నేనొక్కదాన్నే. అమ్మ చేసే వంతు వస్తే, తడి తువ్వాళ్లు మంచం మీద పడేసేవారి మనసు మార్చమని అడిగేది. నాన్న గట్టిగా ఆమెన్ అనేవాడు, తనను కానట్టు. దేవుడు మా ఇంటికి పోస్ట్‌మ్యాన్‌లా పనిచేశాడు. నా వంతు ఆమెన్ ఒక్కటే, అదీ కూర చల్లారకముందే.

ఆ జబ్బు ముదిరితే మనిషి మెదడు మీద మబ్బు కమ్ముతుందట. నాన్నకు అది అప్పుడప్పుడు వచ్చి పోయేది. చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. రిటైరయ్యాడన్న సంగతి మరచి, ఆఫీసు బస్సు వెళ్లిపోయిందా అని అడిగేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. నాన్న కళ్లు మూసుకున్నాడు. ఆహారాన్ని దీవించమన్నాడు. కాసేపు ఆగాడు. ఆగినప్పుడు మేం ఎదురుగా ఉన్నామన్న సంగతి ఆయనకు జారిపోయినట్టుంది. రోజూ "మీరు" అని పిలిచే దేవుణ్ణి ఆరోజు "నువ్వు" అన్నాడు.

"తండ్రీ, ఈ పిల్ల బరువు తగ్గకుండా చూడు. ఇంకొన్నాళ్లే. నా టైము అయిపోయేదాకా. దాని ఒంటి మీద కత్తి పడనివ్వకు. ముద్దలు నేను పెడుతూనే ఉన్నాను, మిగతాది నువ్వు చూసుకో."

ఆ ప్రార్థన మా కోసం చేసింది కాదు. మా ఇంట్లో మేం విన్న ప్రార్థనల్లో దేవుడికి మాత్రమే చెప్పిన మొదటిది అది. అది ముగిశాక ఆమెన్ అనాలా వద్దా అని నా జీవితంలో మొదటిసారి ఆలోచించాను. అనలేదు. అమ్మ కూడా అనలేదు. నాన్న ఒక్కడే అని, కళ్లు తెరిచి, మామూలుగా పెరుగన్నం తనవైపు లాక్కున్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. కడగడానికి అక్కడ గిన్నెలేం లేవు. నేను నా కంచంలో ఉన్న గుప్పెడన్నాన్ని చూస్తూ కూర్చున్నాను. పునుగుల కోసం ఆయన లిఫ్టు దిగి నడిచిన నడకలన్నీ అప్పుడు నాకు అర్థమయ్యాయి. నేను ఆయన్ని బతికించడానికి తిండి మానుతున్నాను. నేను మానకుండా ఉండటానికి ఆయన తన మిగిలిన బలమంతా ఖర్చుపెడుతున్నాడు.

మర్నాడు సాయంత్రానికి నాన్నకు మబ్బు విడిపోయింది. మాట, చూపు సరిగ్గా ఉన్నాయి. అమ్మ సెలవు పెట్టింది. భోజనానికి కూర్చోగానే ఈరోజు ప్రార్థన నేను చేస్తానన్నాను. ఇద్దరూ నావైపు చూశారు, నేను చర్చిలో ఉపదేశం చెప్తానన్నా అంత ఆశ్చర్యపోయేవారు కాదు. కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, నిన్న మా నాన్న పెట్టుకున్న అర్జీ దయచేసి పక్కన పెట్టండి. ఆయన నా ఒంటి గురించి నన్ను అడగకుండా పెట్టాడు. లివర్ మళ్లీ పెరిగేలా మీరే చేశారు కదా, చేసినదాన్ని వాడుకోకపోతే ఎలా? నా లివర్ మళ్లీ పెరుగుతుంది. మా నాన్న మళ్లీ పెరగడు. ఇక ముద్దలు పెట్టవద్దని ఆయనకు చెప్పండి. నేను చెబితే తట్టుకోలేడు. ఆమెన్."

నాన్న తన పళ్లెం కాస్త పక్కకు జరిపాడు.

"ప్రార్థనలో వెటకారమేంటే" అన్నాడు.

"దేవుడికి అలవాటైందిలే నాన్నా."

"మీ అమ్మ ఆపరేషన్ థియేటర్లో ఎంతమందినో చూసింది. నాకలా కాదు. ఆ బల్ల మీద నిన్ను తలుచుకుంటేనే నా చేతులు ఆడట్లేదమ్మా."

"మరి నిన్ను పెట్టెలో తలుచుకుంటే నా చేతులు ఆడతాయా?"

అమ్మ నన్ను కసిరింది, అలాంటి మాటలు అన్నం ముందు అనకూడదని. నాన్న కసరలేదు. తలూపాడు. ఈసారి "సరే" అనలేదు కాబట్టి నమ్మాను.

ఆరోజు నుంచి ముద్దలు ఆగిపోయాయి. చేతికి మాత్రం అలవాటు పోలేదు. తన చప్పిడి పప్పన్నం కలుపుకుంటూ, ఒక ముద్ద గుండ్రంగా చేసి నా వైపు సగం దూరం చాపి, గుర్తొచ్చి, మళ్లీ తన పళ్లెంలో పెట్టుకునేవాడు. ఆ ముద్దను తినేవాడు కాదు. అది పళ్లెం అంచున ఎండిపోయేది. నేను వద్దన్న ఆ ముద్దల ముందు, బిర్యానీలన్నీ మానేయడం చాలా తేలిక.

బరువు తగ్గసాగింది. ముఖంలో ఎముకలున్నాయని నాకప్పుడే తెలిసింది. ఆఫీసులో ఏ యాప్ వాడుతున్నావని అడిగారు. మేనేజరు ఒక శుక్రవారం టీముకి నా ఆహార నియమాల గురించి చెప్పమన్నాడు. పని ఉందని తప్పించుకున్నాను. మా కింది ఫ్లోరులో ఉండే పెద్దావిడ ఒకరోజు లిఫ్టులో నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏంది బిడ్డా, గింత సన్నగైనవ్. పెండ్లి గిట్ల కుదిరిందా?"

లేదాంటీ అన్నాను.

"మరి ఫికరా? జర తినాలె బిడ్డా. ఫికర్‌కు పైసా కరగదు, మనిషే కరుగుతడు."

నా దిగులును ఈవిడ స్కానింగ్ లేకుండానే కనిపెట్టింది.

మళ్లీ పరీక్షలకు వెళ్లాను. డాక్టరు స్క్రీన్ చూసి మొదటిసారి నాతో నవ్వారు. లివర్ శుభ్రంగా ఉంది, ఇవ్వొచ్చన్నారు. మిగతా పరీక్షలు, అవయవదానానికి అనుమతిచ్చే కమిటీ ముందు ఇంటర్వ్యూ, ఆపరేషన్ తేదీ, అన్నీ ఒకదాని వెంట ఒకటి చెప్పారు. ఇంటర్వ్యూల్లో నాకు అనుభవం ఉంది, మీ బలాలేమిటని అడిగితే చెప్పడానికి ఈసారి ఒకటి దొరికింది అనుకుంటూ మెట్రో ఎక్కాను. స్టేషను దిగేలోపు అమ్మ ఫోను చేసింది. నాన్నకు చలి జ్వరం, పొట్టలో నొప్పి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నానంది. తన నర్సు గొంతుతోనే చెప్పింది. కానీ ఏ ఆసుపత్రో చెప్పడం మరచిపోయి పెట్టేసింది.

పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకింది. అది తగ్గితేగానీ ఆపరేషన్ చేయలేమన్నారు. ఐసీయూలో నన్ను కాసేపు లోపలికి పంపారు. నాన్న ముక్కుకు ఆక్సిజన్ గొట్టాలున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాడు. దగ్గరగా వంగి, "నాన్నా, పాసయ్యాను. లివర్ బాగుందన్నారు" అని చెప్పాను. ఆయన నా మణికట్టు తన వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు. బొటనవేలు, చూపుడువేలు కలిసిపోయాయి.

"చిక్కిపోయావు తల్లీ" అన్నాడు.

అన్ని నెలల్లో అందరూ సన్నబడ్డావనే అన్నారు. చిక్కిపోయావన్నది ఆయన ఒక్కడే. మెచ్చుకోవడానికీ బాధపడటానికీ మధ్య తేడా తెలుగులో ఒక్క మాటలో ఉంది.

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. నాన్న ఆ గదిలోంచి బయటికి రాలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు మంచి మాటలు చెప్పారు. దేవుడు ప్రతి ప్రార్థననూ వింటాడన్నారు. నాకు తెలిసి ఒకే బల్ల దగ్గర, ఒకే దేవుడికి, ఇద్దరం రెండు అర్జీలు పెట్టాం. నాన్నది ముందు చేరింది. సీనియారిటీ ప్రకారం ఆయనదే మంజూరైంది. ఆయన అడిగినట్టే నా ఒంటి మీద కత్తి పడలేదు. వచ్చిన చుట్టాలు నన్ను చూసి, తండ్రి మీద బెంగతో ఇలా అయిపోయిందని కళ్లు తుడుచుకున్నారు. పెళ్లికి సన్నబడమని చెప్పినవాళ్లే. సరిదిద్దలేదు.

ఆ తర్వాత ఒకసారి కాగితాల పని మీద ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఎదురయ్యారు. ఇదే తిండి కొనసాగించమన్నారు, మీ నాన్నగారి జబ్బు మీకు రాదు, చాలాకాలం ఆరోగ్యంగా ఉంటారన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కొనసాగిస్తున్నాను. అలవాటైపోయింది, కడుపు కూడా చిన్నదైపోయింది. ఇప్పుడు నా లివర్లో ఏ దోషమూ లేదు. ఇద్దరికి సరిపోయేంత బాగుంది. అది నా ఒక్కదాని కోసమే పనిచేస్తోంది.

మొన్న ఒక సెలవు రోజున అమ్మ నా కుర్తాలన్నీ కుట్టు మిషను దగ్గర పోగేసింది. ఒంటి మీద హ్యాంగరుకు తగిలించినట్టు వేలాడుతున్నాయట. ఒకటి తొడిగించి, పక్కలు రెండూ పట్టి లాగి గుండుసూదులు గుచ్చింది.

"ఎంత లోపలికి తియ్యమంటావు?"

"సరిపోయేంత."

"మళ్లీ లావవుతావా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జోకు ఉండాల్సింది. "తెలీదమ్మా" అన్నాను.

అమ్మ కొత్త కుట్టు వేసింది. పక్కన మిగిలిన గుడ్డను కత్తిరించడానికి కత్తెర తీసి, కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్లీ డబ్బాలో పెట్టేసింది. ఆ గుడ్డను లోపలికి మడిచి పైనుంచి ఇంకో కుట్టు వేసింది.

"ఉండనీ. కావాలంటే విప్పుకోవచ్చు" అంది.